3.71 గ్రాముల జస్టినియన్ సాలిడస్: అంచు కత్తిరించారా, నకిలీనా?

మ్యూనిక్_మధు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఇప్పటిదాకా రోమన్ కంచు నాణేలతోనే కాలక్షేపం. ఈసారి ఒక్క బంగారు నాణెమైనా కొనాలని మనసు పడింది.

మా ఊళ్లో వచ్చే శుక్రవారం ఒక చిన్న వేలం ఉంది. నాణేల వేలం కాదు. పాత బీరువాలు, గడియారాలు, తపాలా బిళ్లలు, అన్నీ కలిపి పాడతారు. అందులో జస్టినియన్ సాలిడస్ ఒకటి పెట్టారు, అంటే 6వ శతాబ్దపు తూర్పు రోమన్ (బైజాంటైన్) చక్రవర్తి బంగారు నాణెం. ఇవాళ వెళ్లి చేత్తో పట్టుకుని చూశాను. ముందువైపు శిరస్త్రాణం పెట్టుకుని సూటిగా మనవైపే చూస్తున్న చక్రవర్తి, చేతిలో సిలువ ఉన్న గోళం. వెనకవైపు నిలబడిన దేవదూత. అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి.

సమస్య ఏంటంటే, కేటలాగులో బరువు 3.71 గ్రాములు. సాలిడస్ అంటే నాలుగున్నర ఉండాలి కదా? అంచు కత్తిరించేశారా? లేక నకిలీనా? ఫోటోలు పెట్టాను. టెన్షన్‌గా ఉంది, పెద్దలు చెప్పండి.

బెజవాడ_కుర్రాడు | శనివారం, రాత్రి 10:05

ముప్పావు గ్రాము తక్కువంటే ఇంకేముంది బ్రదర్, నకిలీయే. బైజాంటైన్ బంగారం వెయ్యేళ్లు ఒక్క చుక్క కూడా మారలేదని చదివాను. వదిలేయండి.

ఫోకస్_గడ్డం | శనివారం, రాత్రి 11:20

కుర్రాడూ, అంత తొందరెందుకు! మధు గారూ, ఫోటోల్లో ఒకటి బాగోలేదు. వెనకవైపు దేవదూత పాదాల కింద ఒక గీత ఉంటుంది, దాని కింద చిన్న అక్షరాలు ఉంటాయి. సరిగ్గా అక్కడే మీ బొటనవేలు అడ్డమొచ్చింది. అక్కడ ఏముందో చూసి చెప్పండి. మామూలుగా అయితే ఐదు అక్షరాలు, "కోనోబ్ (CONOB)" అని ఉండాలి. మొదటి మూడూ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కి గుర్తు. చివరి రెండూ, ఓ, బీ, లాటిన్‌లో పుటం పెట్టిన మేలిమి బంగారం అనే మాటకి గుర్తు. తమాషా ఏంటంటే అవే రెండు అక్షరాలు గ్రీకు లెక్కలో 72 అవుతాయి. ఒక రోమన్ పౌను బంగారంతో 72 సాలిడస్‌లు కొట్టాలన్నది నియమం. పౌను దాదాపు 325 గ్రాములు వేసుకుంటే ఒక్కొక్కటి నాలుగున్నర గ్రాములు.

ఈ నియమం పెట్టింది మొదటి కాన్‌స్టాంటైన్, 4వ శతాబ్దం మొదట్లో. మీరు చూసింది ఆయన తర్వాత రెండు వందల ఏళ్లకు పైబడినది. జస్టినియన్ సూటిగా మనవైపు చూసే బొమ్మ 538 ప్రాంతంలో మొదలైంది. అంతకు ముందు కొంచెం పక్కకు తిరిగి, భుజం మీద ఈటెతో ఉంటాడు.

ఒరగల్లు | ఆదివారం, ఉదయం 6:15

మధు బాబూ, నేను తెనాలిలో బంగారం పని చేసేవాడిని. నాణేల చరిత్ర నాకు అంతగా తెలియదు గానీ కత్తిరింపు సంగతి చెప్పగలను. అంచు కత్తిరించిన నాణెం గుండ్రం తప్పుతుంది. ఒకవైపు అక్షరాల తలలు తెగిపోయి ఉంటాయి. మీ ఫోటోలో అక్షరాల చుట్టూ చుక్కల వరుస దాదాపు పూర్తిగా ఉంది. అంటే ఎవరూ కొయ్యలేదు. కొయ్యకుండా బరువు తగ్గాలంటే రెండే దారులు. రేకు మొదటే పల్చగా తీసి ఉండాలి, లేదా లోహంలో కల్తీ ఉండాలి.

కల్తీ అనుమానమైతే గీటురాయి మీద మాత్రం రుద్దకండి. నా పేరే ఒరగల్లు, నేనే వద్దంటున్నాను. పదిహేను వందల ఏళ్ల వస్తువు మీద గీత పడితే పోయిన విలువ తిరిగి రాదు. నీళ్లలో తూచండి. 3.71 గ్రాముల మేలిమి నీళ్లలో 0.19, 0.20 గ్రాముల మధ్య తగ్గాలి. 18 క్యారెట్లయితే 0.24 దాకా పోతుంది. తేడా ఇంత సన్నం కాబట్టి గ్రాములో వెయ్యో వంతు చూపించే కాటా కావాలి. వంటింటి కాటాతో పెట్టుకుంటే లేనిపోని అనుమానాలు వస్తాయి.

మ్యూనిక్_మధు | సోమవారం, సాయంత్రం 6:50

ఆఫీసు నుంచి త్వరగా బయటపడి మళ్లీ వెళ్లొచ్చాను. నీళ్లలో తూచడానికి ఒప్పుకోలేదు, వాళ్ల దృష్టిలో అది గడియారాల పక్కన ఉన్న ఇంకో వస్తువు. కానీ భూతద్దం ఇచ్చారు. కింద అక్షరాలు ఐదు కాదు, నాలుగే ఉన్నాయి! ఓ, బీ, తర్వాత రెండు అడ్డ గీతలు. సిలువలు అనుకున్నాను గానీ ఇంటూ గుర్తుల్లా ఉన్నాయి. ఓ, బీ, ఎక్స్, ఎక్స్. నకిలీ చేసినవాడికి స్పెల్లింగ్ రాలేదా?

ఫోకస్_గడ్డం | సోమవారం, రాత్రి 7:02

మధు గారూ, కుర్చీలో కూర్చునే ఉన్నారా?

అది స్పెల్లింగ్ తప్పు కాదు. ఎక్స్ ఎక్స్ అంటే రోమన్ అంకెల్లో 20. పూర్తి సాలిడస్ 24 సిలిక్వాల బరువు. మీది 20 సిలిక్వాలది, టంకశాలే తెలిసి, కావాలని తేలికగా కొట్టి, ఆ మాట నాణెం మీదే రాసిన రకం. 24లో 20 అంటే ఆరింట ఐదు వంతులు. లెక్క కట్టుకోండి: నాలుగున్నరలో ఆరింట ఐదు, 3.75. మీ 3.71 అందులో చక్కగా కూర్చుంటుంది. జస్టినియన్ కాలంలోనే ఈ రకం మొదలై తర్వాతి చక్రవర్తులు మోరిస్, ఫోకస్, హెరాక్లియస్ కాలాల్లోనూ నడిచింది. 22, 23 సిలిక్వాలవి కూడా ఉన్నాయి, వాటి గుర్తులు వేరు.

మామూలు జస్టినియన్ ఏ వేలంలో చూసినా రెండు మూడు దొరుకుతాయి. ఇది అంత తరచుగా రాదు. గడియారాల వేలంలో దీన్ని ఇంకెవరూ గుర్తుపట్టకూడదని మొక్కుకోండి. ఈ చర్చ తెలుగులో నడవడం మీ అదృష్టం.

ఒరగల్లు | సోమవారం, రాత్రి 8:30

సిలిక్వా అంటే గింజా అండీ? మా పెద్దవాళ్లు గురివింద గింజతో తూచేవారు. మా నాన్నగారి పాత పెట్టెలో ఇప్పటికీ ఒక గుప్పెడు ఉన్నాయి.

పాతపుటలు | సోమవారం, రాత్రి 9:15

ఆచారి గారూ, అక్షరాలా గింజే. కారబ్ అనే చెట్టు కాయలోని గింజ. లాటిన్‌లో సిలిక్వా, గ్రీకులో కెరాటియన్. ఆ కెరాటియన్ అరబ్బుల నోట కీరాత్ అయ్యి, యూరప్ తిరిగి, చివరికి మీ దుకాణంలో క్యారెట్‌గా వచ్చి కూర్చుంది. మేలిమి 24 క్యారెట్లు అని మనం అనడంలో ఉన్నది ఆ సాలిడస్‌లోని 24 గింజలే. గింజ 0.19 గ్రాములు. మీ గురివింద 0.12 ఉంటుంది.

కుర్రాడి గారి "వెయ్యేళ్లు మారలేదు" మాటకి చిన్న సవరణ. ఏడు వందల ఏళ్లు అనండి, నేను ఒప్పుకుంటాను. కాన్‌స్టాంటైన్ నుంచి 1030ల దాకా ఆ నాణెం దాదాపు చెక్కుచెదరలేదు. అదే చిన్న విషయం కాదు. ఆ తర్వాత కథ చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. నాలుగో మైకేల్ కాలంలో మెల్లగా వెండి కలపడం మొదలైంది. తొమ్మిదో కాన్‌స్టాంటైన్ పాలన ముగిసే 1055కి బంగారం 80 శాతం దగ్గరికి దిగింది. 1071లో మాంజికెర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కుల చేతిలో ఓటమి, ఏకంగా చక్రవర్తే బందీ. అక్కడి నుంచి జారుడుబండే. 1080 నాటికి మూడో వంతు బంగారం. 1090 దాటేసరికి పదో వంతు ఉందో లేదో. పేరుకి బంగారు నాణెం, చూపుకి పాలిపోయిన వెండి.

మధ్యలో వచ్చిన ఏడో మైకేల్‌కి జనం పెట్టిన మారుపేరు "పరపినాకీస్". తెలుగులో చెప్పాలంటే పావుతక్కువవాడు. ఒక నాణేనికి కొలత నిండా రావలసిన గోధుమ, ఆయన మంత్రి ధాన్యం వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకోవడంతో, పావు తక్కువగా వచ్చేదట. తొమ్మిది వందల ఏళ్లు దాటినా చరిత్ర పుస్తకాల్లో ఆయన పక్కన ఆ పేరే ఉంది. ధరలు పెంచిన పాలకుణ్ణి జనం అంత తేలిగ్గా మరిచిపోరు.

ఒరగల్లు | సోమవారం, రాత్రి 9:40

పావుతక్కువవాడు! అమ్మా, ఇలాంటి పేర్లు మా వీధిలో కూడా ఒకరిద్దరికి ఉన్నాయి, ఇక్కడ రాయలేను. మరి ఆ తర్వాత బాగుపడిందా?

పాతపుటలు | సోమవారం, రాత్రి 10:10

బాగుపడింది. 1092లో మొదటి అలెక్సియోస్ పాతదాన్ని మొత్తం పక్కన పెట్టి కొత్త నాణెం తెచ్చాడు. 20న్నర క్యారెట్లు. పేరు హైపర్‌పైరాన్, అంటే బాగా పుటం పెట్టినది. చదునుగా కాకుండా చిన్న గిన్నెలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు అంతకు ముందే, కల్తీ రోజుల్లోనే వచ్చింది. 1204లో క్రూసేడ్ సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నాక నైసియాలో తలదాచుకున్న చక్రవర్తులు కూడా హైపర్‌పైరాన్‌లు కొట్టారు, ఇంకాస్త నాసిగా. 1261లో రాజధాని తిరిగి చేజిక్కాక ఎనిమిదో మైకేల్ వేసిన బొమ్మ నాకు చాలా ఇష్టం: ఊరి కోటగోడలు గుండ్రంగా చుట్టూ, మధ్యలో చేతులెత్తి ప్రార్థించే మేరీమాత. కానీ అప్పటికే ఫ్లోరెన్స్ 1252లో ఫ్లోరిన్ తెచ్చేసింది, వెనిస్ 1284లో డుకాట్ తెచ్చింది. 14వ శతాబ్దం సగానికి బైజాంటైన్ బంగారం కొట్టడమే ఆగిపోయింది.

బెజవాడ_కుర్రాడు | మంగళవారం, ఉదయం 8:00

మేడమ్, సవరణకి థ్యాంక్స్, నకిలీ అన్నందుకు మధు అన్నకి సారీ. ఒక డౌటు. ఆ రోజుల్లో ఒక సాలిడస్ అంటే ఎంత? మామూలు మనిషి చేతికి వచ్చేదా?

పాతపుటలు | మంగళవారం, రాత్రి 8:45

మామూలు మనిషి రోజూ వాడేది రాగి. బంగారం పన్నులకి, జీతాలకి, శత్రువుకి కట్టే కప్పానికి. 532లో జస్టినియన్ పర్షియాతో "శాశ్వత శాంతి" కోసం కట్టింది 11,000 పౌన్ల బంగారం. పౌనుకి 72 చొప్పున 7,92,000 సాలిడస్‌లు. ఆ శాశ్వతం 540లో ముగిసింది.

జీతాల మీద మంచి కథ ఒకటి ఉంది. 10వ శతాబ్దంలో ల్యుడ్‌ప్రాండ్ అనే ఇటలీ మతగురువు రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాడు. ఏడో కాన్‌స్టాంటైన్ మట్టల ఆదివారానికి (ఈస్టర్ ముందు ఆదివారం) ముందు వారంలో స్వయంగా కూర్చుని పెద్ద అధికారులకు జీతాలు పంచుతుంటే చూశాడు. మొదటి అధికారికి బంగారం చేతికివ్వలేదు, భుజాల మీద పెట్టారు. ఆ తర్వాతి వాళ్లు మోయలేక ఈడ్చుకుంటూ వెళ్లారని రాశాడు. ఎలా ఉంది అని చక్రవర్తి అడిగితే, నాకూ ఏమైనా అందితే బాగుంటుంది అన్న ధోరణిలో జవాబిచ్చాడట. చక్రవర్తి నవ్వి ఒక పెద్ద అంగీ, ఒక పౌను బంగారం ఇప్పించాడు. ఆ కాలంలోనే అనతోలియా పెద్ద సైనిక మండలాధిపతి ఏడాది జీతం 40 పౌన్లు, అంటే 2,880 నాణేలు.

మన వైపు దారి కూడా ఉంది. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు సింహళం సంగతి రాశాడు. అక్కడి రాజు ముందు ఒక పర్షియా వాడు, మా రాజే గొప్ప అని డాబు కొట్టాడట. సోపాత్రుడనే రోమన్ వర్తకుడు వాదనకి దిగకుండా, ఇద్దరు రాజులూ ఇక్కడే ఉన్నారు, చూసుకోండి అని బంగారు నాణేన్నీ పర్షియా వెండి నాణేన్నీ పక్కపక్కన పెట్టించాడు. రాజు రెండూ తిప్పి చూసి రోమనుకే ఓటేశాడు. చెప్పింది రోమన్ పక్షం వాడే కాబట్టి కొంత తగ్గించి వినండి. కానీ ఆ కాలపు బంగారు నాణేలు కర్ణాటకలో హావేరి జిల్లా అక్కి ఆలూరులో నిజంగానే దొరికాయి. దక్షిణాదిన దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తల పైన రెండు రంధ్రాలు ఉంటాయి. మెడలో వేసుకోవడానికి. మన కాసులపేరు మోజు ఈనాటిది కాదు.

ఒరగల్లు | మంగళవారం, రాత్రి 9:30

రంధ్రం మాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. మధు బాబూ, మీ మొదటి ఫోటోలో పన్నెండు గంటల స్థానంలో, చక్రవర్తి శిరస్త్రాణం పైన, అంచు కొంచెం నున్నగా, మిగతా చోటుకంటే పసుపు రంగు తేడాగా ఉంది. అక్కడ ఎప్పుడో కొక్కెం పెట్టి టంకం వేసి, తర్వాత తీసేసి ఆకురాయితో సాపు చేశారని నా అనుమానం. నలభై ఏళ్లుగా టంకాలు చూస్తున్న కళ్లు ఇవి.

ఫోకస్_గడ్డం | మంగళవారం, రాత్రి 11:55

జూమ్ చేసి చూశాను. ఆచారి గారికి దండం. నేను పదేళ్లుగా కొంటున్నాను, ఇది నా కంటపడలేదు. ఔను, లాకెట్టుగా వాడి తీసిన గుర్తే. అలాంటిదానికి విలువ బాగా పడిపోతుంది, సగానికి పడినవి కూడా చూశాను. అయినా ఈ రకం అరుదు కాబట్టి వదలమని చెప్పను. మీ గరిష్ఠ ధర ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. పాట ఆగిన ధర మీద కొనేవాడి కమిషన్ 20 శాతం పైమాటే ఉంటుంది, దాన్నీ కలుపుకుని రాయండి. వేలంలో చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాక మనిషికి లెక్కలు రావు. నా మొదటి ఫోకస్ సాలిడస్‌ని అలాగే ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు పెట్టి కొన్నాను. ఆయన కోసు గడ్డం చూసి ముచ్చటపడ్డాను మరి. ఫోకస్ పాలకుడిగా పరమ క్రూరుడు, నాణేలు మాత్రం బోలెడు వదిలాడు.

ఇంకో ముఖ్య విషయం. ఈ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. పాత బిల్లు, పాత కవరు, ఏదైనా సరే. జర్మనీలో 2016లో సాంస్కృతిక సంపద రక్షణ చట్టం వచ్చాక ఇవి లేని సరుకుతో తర్వాత అమ్మేటప్పుడు తలనొప్పి. మా అమెరికాలోనూ టర్కీ, గ్రీస్, సైప్రస్, బల్గేరియాలతో ఒప్పందాలు ఉన్నాయి, కొన్ని రకాల నాణేలు కస్టమ్స్‌లో ఆగుతాయి.

బెజవాడ_కుర్రాడు | బుధవారం, ఉదయం 7:20

మధు అన్న కొన్నాక నాకు చూపించడానికి సంక్రాంతికి ఇండియా తెస్తే?

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 10:00

తేవడం కంటే తిరిగి తీసుకెళ్లడం కష్టం. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం బయటికి పంపకూడదు. తెచ్చేటప్పుడు సుంకం సంగతి ముందే కస్టమ్స్ వ్యవహారాలు తెలిసిన ఏజెంటును అడగాలి. అలాగే పొలంలో దొరికిన నాణేల గురించి ఈ వేదికలో బేరాలు పెట్టవద్దని మరోసారి మనవి. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. నిన్న ఒక పోస్టు తీసేశాను, ఎవరిదో వారికి తెలుసు.

పాతపుటలు | గురువారం, రాత్రి 9:00

రేపటి దాకా ఖాళీ కాబట్టి ఒక మాట. మధు గారూ, ఎప్పుడైనా నిజంగా డబ్బు ఉంటే రెండో జస్టినియన్ మొదటి పాలన నాటి సాలిడస్ కోసం దాచుకోండి. 690ల్లో ఆయన చేసిన పని అంతకు ముందు ఎవరూ చేయలేదు. ముందువైపు ఎప్పుడూ చక్రవర్తి ఉండే చోట క్రీస్తు ముఖం పెట్టి, తాను వెనకవైపుకి వెళ్లి నిలబడ్డాడు, క్రీస్తు సేవకుణ్ణి అని రాసుకుని. దాదాపు అదే సమయంలో డమాస్కస్‌లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ బొమ్మలన్నీ తీసేసి కేవలం అక్షరాలతో దీనారు కొట్టించాడు. రెండు సామ్రాజ్యాలు నాణేల మీద వాదించుకున్నట్టు ఉంటుంది. 695లో జస్టినియన్‌ని గద్దె దింపి ముక్కు కోసి తరిమేశారు. ముక్కు లేనివాడు పాలనకు పనికిరాడని వాళ్ల లెక్క. ఆయన 705లో తిరిగొచ్చి పదవీ తీసుకున్నాడు, పగా తీర్చుకున్నాడు. రెండో పాలన నాణేల మీద క్రీస్తు ముఖం కూడా మారిపోయింది, ఉంగరాల జుట్టు, చిన్న గడ్డం. ఆయన తర్వాత ఆ ముఖం మాయమై, పూజకి బొమ్మలు ఉండాలా వద్దా అన్న విగ్రహాల గొడవలన్నీ సద్దుమణిగాక, 843 తర్వాతే తిరిగొచ్చింది.

మ్యూనిక్_మధు | శుక్రవారం, రాత్రి 10:30

పోయింది.

కాగితం మీద రాసుకున్న అంకె దాకా నేనూ, ఫోన్‌లో ఎవరో ఒకాయనా మిగిలాం. నా అంకె దాటాక రెండుసార్లు చెయ్యి లేచింది, ఫోకస్ గారి మాట గుర్తొచ్చి దించేశాను. మూడోసారి లేవకుండా చెయ్యి జేబులో పెట్టుకున్నాను. అది చివరికి నా అంకెకి దాదాపు రెట్టింపుకి వెళ్లింది. అవతల ఉన్నాయన ఆ నాలుగు అక్షరాలూ చదివినవాడే, సందేహం లేదు.

ఒరగల్లు | శనివారం, ఉదయం 6:05

టంకం ముక్కకి అంత పెట్టాడా! మంచిదే అయింది బాబూ.

మ్యూనిక్_మధు | మరుసటి గురువారం, రాత్రి 8:15

ఊరికే ఉండలేకపోయాను. ఇక్కడ ఒక నాణేల దుకాణంలో హెరాక్లియస్ సాలిడస్ కొన్నాను. 4.42 గ్రాములు, బిల్లుతో సహా, 1980ల నాటి పాత కవరు కూడా ఇచ్చారు. కింద ఐదు అక్షరాలూ ఉన్నాయి, లెక్కపెట్టాను! ముందువైపు ముగ్గురు నిలబడి ఉంటారు: మధ్యలో బొడ్డు దాకా గడ్డంతో హెరాక్లియస్, చెరో పక్క కొడుకులు. ఒక్కటే బాధ. మన ఎడమవైపు ఉన్న చిన్న పిల్లాడి తల మీద కిరీటం లేదు. మిగతా ఇద్దరికీ స్పష్టంగా ఉంది. అక్కడ మాత్రం అరిగిపోయిందా? చూసుకోకుండా కొన్నానా?

ఫోకస్_గడ్డం | గురువారం, రాత్రి 8:40

అరగలేదు. వాడు హెరాక్లోనాస్. 638 జులై దాకా ఆ పిల్లాడికి పట్టాభిషేకం కాలేదు, అందుకే కిరీటం లేదు. మీ నాణెం 632కీ 638కీ మధ్యది. ఇప్పుడు వెనకవైపు ఫోటో పెట్టండి, ఈసారి బొటనవేలు లేకుండా.